‘పర్లేదు’ తర్వాత ఇంకో వాక్యం

దమ్మపేటలో మా అక్కావాళ్ళింటి అరుగు. ఆ రోజు తోటలో పామాయిల్ గెలల కోత. పెద్దవాళ్ళంతా ట్రాక్టర్ దగ్గరున్నారు. ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా మేనల్లుడు మాత్రం గోడకు ఆనుకుని ఫోనులో ఏదో ఆడుతున్నాడు. వేళ్ళు చకచకా కదులుతున్నాయి గాని మొహంలో ఏ కదలికా లేదు. గెలిచినప్పుడు నవ్వలేదు, ఓడినప్పుడు విసుక్కోలేదు.

“ఎలా ఉందిరా ఆట?”

“పర్లేదు మామయ్యా.”

“ఎప్పట్నుంచి ఆడుతున్నావు?”

తల ఎత్తకుండానే లెక్క వేసుకున్నాడు. “దసరా సెలవుల నుంచి.”

అప్పటికి సంక్రాంతి వెళ్ళిపోయింది.

మరి ఎందుకు ఆడుతున్నావని నేను అడగలేదు. అలా అడిగితే పిల్లలు ఫోను దాచేస్తారు గాని జవాబు చెప్పరు. “అందులో ఏది బాగుంది, ఏది బాలేదు?” అన్నాను. వాడు ఏదో చెప్పబోయి ఆగాడు. మళ్ళీ చెప్పబోయాడు. మూడు నెలలకు పైగా ఆడిన ఆట గురించి వాడి దగ్గర రెండో వాక్యం లేదు.

ఈ అధ్యాయం ఆ రెండో వాక్యం గురించి.

చెత్త ఆటతో మనకు పెద్ద నష్టం లేదు. పది నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది, తీసేస్తాం. గొప్ప ఆట మనసులో ఏదో మిగిల్చి ముగుస్తుంది. కాలాన్ని తినేది మధ్యరకం ఆట. దాన్ని వదిలేయడానికి గట్టి కారణం కనిపించదు, ఇష్టపడటానికీ కనిపించదు. రోజుకి గంట చొప్పున మూడు నెలలంటే 90 గంటలు. ఆ 90 గంటల్లో ఈత నేర్చుకోవచ్చు, ఫిజిక్స్ పుస్తకం ఇంకోసారి చదవొచ్చు, లేదా రెండు మూడు మంచి ఆటలు మొదటి నుంచి చివరిదాకా ఆడొచ్చు. ఆ మూడోది కావాలనే చేర్చాను. ఆటలాడటం తప్పని ఈ పుస్తకంలో ఎక్కడా రాయను. ఒక మంచి ఆట ఒక మంచి నవలంత పని చేయగలదని నా నమ్మకం. మంచిదాని మీద అంత గౌరవం ఉంది కాబట్టే, మధ్యరకాన్ని మధ్యరకమని గుర్తుపట్టడం మనకు రావాలంటున్నాను.

తెలుగువాళ్ళకు ఈ విద్య కొత్తేమీ కాదు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా సినిమాకి రేటింగ్ వచ్చేస్తుంది. ఐదుకి 2.75 అంటే ఏమిటో మన కుర్రాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు. ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ సాగింది, పాటలు బాగున్నాయి, ఓసారి చూడొచ్చు. ఇన్ని మాటలు ఆ చిన్న అంకెలో వినిపిస్తాయి మనకి. ఎందుకంటే సినిమా గురించి చిన్నప్పటి నుంచీ టీకొట్ల దగ్గర, బస్సుల్లో, పెళ్ళిళ్ళలో మాట్లాడుకుంటూనే పెరిగాం. ఏ సీను తేలిపోయిందో, ఎక్కడ కథ దారి తప్పిందో విడమరిచి చెప్పే భాష మనకుంది. ఆట గురించి అలా మాట్లాడుకునే అలవాటు ఇంకా రాలేదు. పిల్లలు ఆడతారు, పెద్దలు తిడతారు, అక్కడితో అయిపోతుంది. మధ్యరకం సినిమాకు పోయేది రెండున్నర గంటలే. మధ్యరకం ఆటకు ముగింపే ఉండకపోవచ్చు. ఎక్కువ కాలం తీసుకునేదాని గురించే మనం తక్కువ మాట్లాడుతున్నాం.

మా మండలంలో నాణ్యత కొలవడమంటే ఏమిటో ప్రతి ఇంటికీ తెలుసు. పామాయిల్ గెలను బరువొక్కటే చూసి మంచిదనరు. పండిన గెల నుంచి పళ్ళు వాటంతటవే రాలతాయి. పచ్చి గెల కాటా మీద బాగానే తూగుతుంది గాని అంత నూనె ఇవ్వదు. అందుకని వంద కిలోల గెలలకు ఎన్ని కిలోల నూనె దిగిందో లెక్క కడతారు. దాన్నే అందరం ఓఈఆర్ అంటాం. అది 19 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. నెలనెలా ప్రకటించే టన్ను ధరలో ముడినూనె ధరతో పాటు ఈ అంకె కూడా కలుస్తుంది. ఇందులో ఒక చిక్కుంది, దమ్మపేట, అశ్వారావుపేట రైతులకు బాగా తెలిసిన చిక్కు. ఆ శాతం అందరి గెలల సగటు. పండేదాకా ఆగి కోసిన రైతుకీ, తొందరపడి పచ్చివి కోసిన రైతుకీ ఒకటే అంకె. సగటు అబద్ధం చెప్పదు. కాకపోతే మీ తోట సంగతి మాత్రం చెప్పదు.

ఆటల ప్రపంచంలో ఆ సగటు అంకె పేరు మెటాక్రిటిక్. 2001 జనవరిలో మొదలైన ఈ సైటు విమర్శకులు ఇచ్చిన మార్కులన్నీ పోగుచేసి నూటికి ఇంత అని తేలుస్తుంది. 75, ఆ పైన వస్తే ఆకుపచ్చ. 50 నుంచి 74 దాకా పసుపు. అంతకు తగ్గితే ఎరుపు. ఆ పసుపు మన ‘పర్లేదు’. అయితే సినిమాల దగ్గరికొచ్చేసరికి ఇదే సైటు గీత మార్చేస్తుంది. అక్కడ 61 వస్తే చాలు, ఆకుపచ్చే. అంటే 65 తెచ్చుకున్న సినిమా బాగున్నట్టు, అదే 65 తెచ్చుకున్న ఆట అంతంతమాత్రంగా ఉన్నట్టు. ఆటల విమర్శకులు పదికి ఏడు అలవోకగా ఇచ్చేస్తారని అందరికీ తెలుసు, గీతను పైకి జరిపింది అందుకే. బ్రిటన్‌లో 1993 నుంచి వస్తున్న ఎడ్జ్ పత్రికది ఇంకో దారి. అక్కడ ఐదంటే నిజంగానే నడిమి. జపాన్‌లో ఫమిత్సు పత్రిక నలుగురు విమర్శకుల చేత విడివిడిగా పదేసి మార్కులకు దిద్దించి నలభైకి ఇంత అంటుంది. నాకు ఈ నలుగురి పద్ధతి ఇష్టం. ముగ్గురికి నచ్చి ఒకరికి నచ్చకపోతే ఆ తేడా కళ్ళెదురుగానే ఉంటుంది.

తేడా కనపడకపోతే ఏమవుతుందో డెడ్లీ ప్రిమోనిషన్ అనే ఆట చూపిస్తుంది. 2010లో వచ్చిన ఈ ఆటకు అమెరికాలో ఒక సైటు పదికి రెండు ఇచ్చింది, ఇంకో సైటు పదికి పది ఇచ్చింది. విమర్శకులను ఇంతగా చీల్చిన హారర్ ఆట ఇదేనని గిన్నిస్ పుస్తకం వాళ్ళు కూడా నమోదు చేశారు. సగటు తీస్తే 70కి దగ్గర్లో తేలింది. ఆ అంకె చూసి, ఇదేదో ఓ మోస్తరు ఆట అనుకుంటాం. అది ఓ మోస్తరు ఆట కానే కాదు. కొందరికి పిచ్చి ప్రేమ, కొందరికి భరించలేని చిరాకు. ఒకే అంకె వెనుక రెండు వేర్వేరు ఆటలున్నట్టు లెక్క. కాబట్టి ఈసారి ఎక్కడైనా 70 కనిపిస్తే ఒక పని చేయండి. దానికి అన్నిటికంటే ఎక్కువ మార్కులిచ్చినవాడి మాటలూ, అన్నిటికంటే తక్కువ ఇచ్చినవాడి మాటలూ రెండూ చదవండి. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకరు మెచ్చుకుని ఒకరు తిడుతుంటే, అది మీ అభిరుచిని బట్టి తేలేది. ఇద్దరూ ఒకే విషయాన్ని తిడుతుంటే, ఆ లోపం నిజంగా ఉంది.

అంకెకు బతుకులు కూడా ముడిపడి ఉంటాయి. ఫాల్అవుట్ న్యూ వేగస్ అనే ఆట 2010 అక్టోబరులో వచ్చింది. చేసింది అబ్సిడియన్ అనే సంస్థ. మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని ప్రచురణ సంస్థతో ఒప్పందం. వచ్చింది 84. బోనస్ రాలేదు. ఈ సంగతి 2012లో ఆ సంస్థ సహ వ్యవస్థాపకుడు క్రిస్ అవెల్లోన్ బయటపెట్టాడు. ఇప్పుడు ఫాల్అవుట్ వరుస ఆటలన్నిటిలో అదే తమకిష్టమనే ఆటగాళ్ళు లెక్కలేనంతమంది. ఒక్క మార్కు దగ్గర ఎవరి చెయ్యి అటు పోయిందో, ఇటు పోయిందో ఎవరూ చెప్పలేరు. మార్కు వేసే ముందు అది ఎవరి కూలి మీద పడుతుందో ఒకసారి తలుచుకోవాలని ఇది చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

అలాగని జాలిపడి ఎక్కువ వేయమనడం లేదు. అది ఇంకో తప్పు. ఆ తప్పు మన దేశంలోనే పెద్దయెత్తున జరిగింది.

2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. రెండు రోజులు తిరక్కుండానే ఫౌజీ అనే స్వదేశీ ఆట వస్తోందని అక్షయ్ కుమార్ ప్రకటించాడు. 2021 జనవరి 26న అది వచ్చింది. గల్వాన్ లోయ నేపథ్యం, ఎక్కువగా చేతులతో, దొరికిన ఆయుధాలతో పోరాటాలు. పదిమందితో కలిసి ఆడే సదుపాయం విడుదలనాటికి లేదు. మొదట్లో నాలుగు దాటిన రేటింగ్ కొద్ది రోజుల్లోనే మూడు దగ్గరకు జారిపోయింది. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్ళలో చాలామంది దేశానికి ఇచ్చారు. ఒక్కటే ఇచ్చినవాళ్ళలో చాలామంది పబ్‌జీ పోయిందన్న కోపానికి ఇచ్చారు. మధ్యలో ఆట ఒకటుంది. పోరాటాలు ఒకే తీరుగా ఉన్నాయా, శత్రువు కదలికల్లో తెలివి ఉందా, గంట తర్వాత కొత్తగా ఏమైనా వస్తోందా, ఇలాంటి మాటలు ఆ గోలలో వినపడలేదు. నా మటుకు నాకు అది సదుద్దేశంతో, తొందరలో చేసిన మధ్యరకం ఆట. ఆ మాట ప్రేమగా, వివరంగా చెప్పినవాళ్ళు ఎక్కువమంది ఉంటే చేసినవాళ్ళకే మేలు జరిగేది.

‘రాజీ’ అనే ఆట విషయంలో ఆ మేలు కొంత జరిగింది. దాన్ని చేసింది పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ అనే చిన్న బృందం. 2017లో జనం నుంచి చందాలు అడిగితే అనుకున్న మొత్తం రాలేదు. అయినా ఆపకుండా చేసి 2020లో విడుదల చేశారు. సర్కస్‌లో పనిచేసే ఒక ఆడపిల్ల రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్తుంది. దుర్గ, విష్ణువు కథ చెబుతుంటారు. మధ్యమధ్య కథంతా నీడబొమ్మల్లో నడుస్తుంది. తోలుబొమ్మలాట చూసి పెరిగిన కళ్ళకు అది ఎంత దగ్గరగా అనిపిస్తుందో! మార్కులు మాత్రం 70కి అటూ ఇటూ. విమర్శకులు చెప్పింది విడదీసి చూస్తే విషయం తెలుస్తుంది. బొమ్మలు, కట్టడాలు, సంగీతం గొప్పగా ఉన్నాయన్నారు. పోరాటంలో బిగువు లేదన్నారు, కథ అర్ధాంతరంగా ఆగినట్టుందన్నారు. అదే ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ తొలి ఆటల జాబితాలోనూ చోటు దక్కింది. ‘పర్లేదు’ అనే ఒక్క మాట వేస్తే ఆ బొమ్మల అందమూ పోయేది, ఆ పోరాటంలోని లోపమూ దాక్కునేది.

ఇప్పుడు మన ఫోన్ల దగ్గరికి వద్దాం. డబ్బులు పెట్టి ఆడే రమ్మీలాంటివాటి జోలికి ఈ అధ్యాయం పోదు. తెలంగాణ వాటిని 2017లోనే నిషేధించింది, కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసింది. అక్కడ తీర్పు చెప్పాల్సిన ఆట లేదు. నేను చెప్పేది ఉచితంగా దొరికే మామూలు ఆటల సంగతి.

ఉచిత ఆటల్లో మధ్యరకం ఎలా బతుకుతుందో గమనించండి. ఆటలో సరుకు తగ్గినకొద్దీ చుట్టూ కట్టుదిట్టాలు పెరుగుతాయి. రోజూ తెరిస్తే ఒక పెట్టె. వరసగా ఏడు రోజులు తెరిస్తే ఇంకా పెద్ద పెట్టె. ఒక్కరోజు తప్పితే మళ్ళీ మొదటికి. శక్తి అయిపోయింది, నాలుగు గంటలు ఆగు, లేదంటే ఈ ప్రకటన చూడు. ఆదివారంతో అయిపోయే పండగ పోటీ. నెలాఖరుకు ముగిసే పాస్. వీటిలో ఏ ఒక్కటీ ఆట కాదు. ఇవన్నీ ఆట వాకిట్లో కట్టిన తాళ్ళు. మంచి ఆటల్లోనూ ఇవి ఉంటాయి, కాదనను. కానీ మంచి ఆటలో తాళ్ళు విప్పేసినా మనిషి కూర్చుంటాడు. మధ్యరకంలో విప్పగానే లేచిపోతాడు. ‘ఇంకా ఆడాలనిపిస్తోంది’ వేరు, ‘నచ్చింది’ వేరు. ఈ రెండింటికీ తేడా మీ మనసుకు తెలిసిన రోజు మీరు సగం విమర్శకులైనట్టే.

దీనికి నేను పిల్లలకు చెప్పే పరీక్ష ఒకటే. ఏడో రోజు పెట్టె అందుకోకుండా ఆరో రోజు ఆపేయండి. రెండు రోజులయ్యాక మీకు గుర్తొచ్చేది ఏమిటో చూడండి. ఆటలోని ఒక ఘట్టం, ఒక ఎత్తు, ఒక పాట గుర్తొస్తే అందులో సరుకుంది. పోయిన పెట్టె మాత్రమే గుర్తొస్తే లేదు.

కొని ఆడే ఆటలకు ఇంకో కొలత ఉంది. స్టీమ్ అనే అంగడిలో ఆట కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. 2015 నుంచి ఈ పద్ధతి ఉంది. ఆ రెండు గంటలు మనకు తెలియకుండానే మంచి అలవాటు నేర్పుతాయి. ఏ ఆటైనా రెండు గంటలయ్యాక ఆపి ఒక కాగితం తీసుకోండి. సూపర్, చెత్త, పర్లేదు, టైమ్‌పాస్, ఈ నాలుగు మాటలూ వాడకూడదని పెట్టుకోండి. ఈ ఆట ఏం చేయాలనుకుంది? ఎక్కడ చేయగలిగింది? ఎక్కడ చేతులెత్తేసింది? ఎవరికి నచ్చొచ్చు? ఈ నాలుగింటికీ ఒక్కో వాక్యం. “గ్రాఫిక్స్ బాలేదు” అని రాస్తే అది వాక్యం కాదు. “మూడో దశలో కూడా మొదటి దశ గోడలే, రంగు మారింది” అని రాస్తే వాక్యం. చేసినవాడు చదివితే రేపు పొద్దున ఏం దిద్దుకోవాలో తెలిసేలా ఉండాలి, కొనేవాడు చదివితే జేబులో చెయ్యి పెట్టాలో వద్దో తెలిసేలా ఉండాలి.

కాగితం మీద తేదీ వేయాలి. ఇది చాలామంది మరిచిపోతారు. నో మ్యాన్స్ స్కై 2016 ఆగస్టులో వచ్చినప్పుడు చెప్పిన మాటలకూ ఇచ్చిన ఆటకూ పొంతన లేదని జనం మండిపడ్డారు. స్టీమ్‌లో చాలామంది ప్రతికూలంగానే రాశారు. దాన్ని చేసిన హలో గేమ్స్ వాళ్ళు ఎదురు మాట్లాడకుండా ఏళ్ళ తరబడి ఉచితంగా కొత్త భాగాలు చేర్చుకుంటూ పోయారు. 2024కల్లా అదే స్టీమ్‌లో అభిప్రాయాలు మొత్తమ్మీద ‘చాలా సానుకూలం’ అయ్యాయి. 2016 నాటి తీర్పు తప్పు కాదు. 2024 నాటిదీ తప్పు కాదు. తేదీ లేకుండా ఎవరైనా పాత మాటే ఇప్పటికీ తిప్పితే అది తప్పు.

తీర్పు పని మీద ఉండాలి, మనిషి మీద కాదు. 1982లో అటారీ అనే సంస్థ కోసం ఈ.టీ. అనే ఆటను హోవర్డ్ స్కాట్ వార్షా ఐదు వారాల్లో చేశాడు. పండగ అమ్మకాలకు అందాలని సంస్థ ఇచ్చిన గడువు అది. ఆట ఆడలేనంత అయోమయంగా వచ్చింది. అమ్ముడుపోని సరుకును 1983లో న్యూమెక్సికోలో గొయ్యి తీసి పాతిపెట్టారు, 2014లో తవ్వితే బయటపడింది కూడా. ప్రపంచం దాన్ని అతి చెత్త ఆటగా చెప్పుకుంది. అదే వార్షా 1982లోనే యార్స్ రివెంజ్ అనే చక్కటి ఆట ఇచ్చినవాడు. తర్వాత మానసిక చికిత్సకుడయ్యాడు. ఐదు వారాలన్నది కారణం, సాకు కాదు. డబ్బు పెట్టి కొన్న పిల్లవాడికి గడువు సంగతి తెలియక్కర్లేదు. కానీ తీర్పు రాసేవాడికి తెలిసుండాలి. తెలిస్తే, తప్పు ఎక్కడ పుట్టిందో సరిగ్గా చూపించగలడు.

ఇది ఎందుకు ఇంత పట్టుదలగా చెబుతున్నానంటే, మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇప్పుడు పిల్లలు సొంతంగా ఆటలు చేస్తున్నారు. చేసి స్నేహితులకు చూపిస్తారు. “సూపర్ అన్నా” అంటారు అందరూ. ఇంటికెళ్ళి ఒక్కరూ మళ్ళీ తెరవరు. ఆ ‘సూపర్’ వల్ల ఆ కుర్రాడికి ఒక సెమిస్టర్ వృథా. ఒకే ఒక్కడు కూర్చుని, “దూకడం బాగుంది, దిగేటప్పుడు అర సెకను ఆలస్యమవుతోంది, అందుకే నాలుగుసార్లు చచ్చాను” అంటే చాలు. అది స్నేహం.

చిన్నప్పుడు సత్తుపల్లిలో టీవీకి తగిలించే వీడియో గేమ్ కొనుక్కున్నాం మేము. క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని ఉంది. ఇంటికొచ్చి వరసగా నొక్కుకుంటూ పోతే ఉన్నవి ఏ పదిహేనో, మళ్ళీ మళ్ళీ అవే. మా అన్న ఒక తెల్లకాగితం మీద నిజంగా ఉన్న ఆటల పేర్లు రాసి డబ్బాకి అంటించాడు. కాంట్రా పక్కన రెండు గీతలు, మారియో పక్కన రెండు గీతలు, ఇంకో దాని పక్కన ‘కారు ఎప్పుడూ అదే రోడ్డు’ అని. నాకు తెలిసిన మొదటి విమర్శ అదే. ఇన్నేళ్ళయినా అంతకంటే నిజాయితీ ఉన్నది తక్కువే చదివాను.

మా మేనల్లుడు మొన్న ఫోను చేశాడు. నాలుగు వాక్యాలు రాశానన్నాడు, చదివి వినిపించాడు. “మొదటి ఇరవై లెవెల్స్‌లో ప్రతిసారీ కొత్త ఎత్తు కావాలి, అక్కడిదాకా బాగుంది. తర్వాత శత్రువుల రంగు మారుతోంది తప్ప ఎత్తు మారట్లేదు. మూడు ఆటలకో యాడ్. బస్సులో అరగంట గడపాల్సినవాళ్ళకి సరిపోతుంది, నేను రోజూ ఆడింది మాత్రం పెట్టె కోసం.” కింద తేదీ వేశాడట.

మీ ఫోనులో కూడా అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. రాత్రి పడుకునే ముందు దాని గురించి నాలుగు వాక్యాలు రాయండి. రాయడానికి నాలుగో వాక్యం దొరక్కపోతే, అక్కడ ఆపి, ఉన్న మూడింటి కిందే తేదీ వేయండి. వారం తర్వాత ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి.